కాళ్ళు లేని బల్లి తోక

అటవీ ఆఫీసులో ఆమెను అందరూ బల్లులమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవారు, ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు, ఆమె పలుకుతోంది కూడా. రక్షిత అడవిలో పాములు, బల్లులు, తాబేళ్ళు ఏవి ఎక్కడున్నాయో వెతికి నమోదు చేయడం ఆమె ఉద్యోగం. తాను చెప్పింది తప్పని ఎవరైనా అంటే ఆమెకు కోపం రాదు, జాలి వేస్తుంది. అంత ధీమా మనిషి.

ఆ ధీమాకు ఈసారి రేంజరు అడ్డుపడ్డాడు. వాగు ఒడ్డున కుళ్ళుతున్న దుంగలన్నీ తీసేసి సందర్శకులకు నడకబాట వేయించాలని ఆయన పట్టుదల. ఆ దుంగల కింద కాళ్ళు లేని బల్లి ఉందని, ఈ అడవిలో అది ఇంకెక్కడా కనబడలేదని బల్లులమ్మ ఫోటో చూపించింది. ఆయన నవ్వేశాడు.

"పాము కదా మేడమ్ ఇది. కాళ్ళేవీ?"

"లేవు సార్. అయినా బల్లే. పాముకి రెప్పలుండవు, ఇది కన్నార్పుతుంది."

"ఫోటోలో ఆర్పట్లేదుగా. రేపు పొద్దున్నే పని మొదలు. ఈలోగా నన్ను నమ్మించండి, బాటని అవతలి గట్టుకి మార్పిస్తాను."

"ఈ సాయంత్రమే నమ్ముతారు సార్," అందామె.

ఫోటో తీసింది ఆమె ఆడపడుచు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడం ఆవిడ వృత్తి. ఈసారి అది కన్నార్పుతుండగా తీయాలని వదిన బతిమాలితే, ఆవేళ మళ్ళీ కెమెరా తగిలించుకుని అడవికి వచ్చింది.

"పెళ్ళిలో నువ్వు తీస్తే పెళ్ళికొడుకుతో సహా అందరి కళ్ళూ మూసుకునే ఉంటాయి. దీని కన్ను ఒక్కసారి మూయించలేకపోయావు," అని దారి పొడుగునా సాధించింది బల్లులమ్మ.

"పెళ్ళికొడుకు కూర్చోమన్నచోట కూర్చుంటాడు వదినా."

బల్లులమ్మ దగ్గర పనిచేసేవాళ్ళకు రెండు కట్టుబాట్లు. ఎత్తిన దుంగను ఎలా ఉన్నదాన్ని అలాగే దించాలి. పట్టుకుంటే నడుము దగ్గర పట్టుకోవాలి, తోక ముట్టుకోకూడదు. వినీ వినీ ఆడపడుచు వీటిని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తుంది.

ఎండ వాలేదాకా ఇద్దరూ దుంగలు ఎత్తారు, దించారు. తేళ్ళు కనబడ్డాయి, జెర్రులు కనబడ్డాయి, ఓ తాబేలు విసుగ్గా తల లోపలికి లాక్కుంది. కాస్త దూరంలో రేంజరు ఏ దుంగలు తీయాలో చూపిస్తూ వాటిమీద సున్నంతో గీతలు గీయిస్తున్నాడు. ఆ గీతలు దగ్గరకొస్తున్నకొద్దీ బల్లులమ్మ చేతులు తొందరపడ్డాయి.

ఓ దుంగ కింద అది ఉండనే ఉంది. గోధుమరంగులో, నున్నగా, కాళ్ళూ చేతులూ లేకుండా. ఆడపడుచు కెమెరా ఎత్తేలోగా బల్లులమ్మ ఒక్క ఉదుటున మీదపడింది. చేతికి చిక్కింది తోక. మరుక్షణం తోక మాత్రమే మిగిలింది, బల్లి ఆకుల్లోకి దూరిపోయింది.

"తోక పట్టుకోకూడదు వదినా," అంది ఆడపడుచు. అనకుండా ఉండడం ఆవిడ వల్ల కాలేదు.

బల్లులమ్మకు తల కొట్టేసినట్టయింది. ఉన్న ఒక్క అవకాశమూ పోయింది. అంతకన్నా, దాని తోక తన చేతుల్లో పోయింది. ఆకలి రోజులకని అది కొవ్వు దాచుకునేది ఆ తోకలోనే. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి అరచేతిలోకి చూసింది. తోక ఇంకా గిలగిలా కొట్టుకుంటోంది.

ఏడుపు సగంలోనే ఆగిపోయింది. గుప్పిట మూసి రేంజరు దగ్గరికి పరుగెత్తింది.

"చెయ్యి చాపండి సార్."

ఆయన చాపాడు. తోక అరచేతిలో మెలితిరిగేసరికి ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేశాడు గానీ, మర్యాద కోసం వదల్లేదు.

"ఏ పాము సార్ ఇలా తోక వదిలేసి పారిపోయేది? మీ ఇంటి గోడమీద బల్లిని అడగండి, ఇది ఎవరి పనో చెబుతుంది."

రేంజరు అరచేతిని కళ్ళ దగ్గరకు తెచ్చుకున్నాడు. తోక ఆగింది, మళ్ళీ ఎగిరింది.

"మరి ఆ బల్లికి ఇప్పుడెలా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"తోక మళ్ళీ మొలుస్తుంది సార్. దుంగ మొలవదు."

ఆయన తోక ఉన్న చేతిని అలాగే జాగ్రత్తగా పట్టుకుని, రెండో చేత్తో సైగ చేశాడు. సున్నం బకెట్టు అవతలి గట్టుకు నడిచింది.

బల్లులమ్మ గెలిచిన మనిషిలా వెనక్కి తిరిగింది. ఆడపడుచు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"ఇంకో కట్టుబాటు కూడా తప్పావు వదినా. దుంగ ఎత్తినది ఎత్తినట్టే ఉంది."

బల్లులమ్మ నాలుక కరుచుకుని పరుగెత్తింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, దాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే మెల్లగా దించారు.