వాసన చూసి దించే చాయ్

మా అత్త వజ్రమ్మతో నేను పోట్లాడని విషయం లేదు. కూరలో ఉప్పు, పిల్లకు వేసే జడ, పొద్దున్నే నల్లా దగ్గర ఎవరి బకెట్ ముందు పెట్టాలి, ఏదైనా సరే, పన్నెండేళ్లుగా మా ఇద్దరికీ పడదు. సూరత్ డిండోలీలో మా గల్లీ మొత్తానికి ఈ సంగతి తెలుసు. ఒక్క చాయ్ దగ్గర మాత్రం నేనెప్పుడూ నోరెత్తలేదు. ఎత్తడానికి సందు దొరికితే కదా!

మా మామ చనిపోయిన ఏడాది అత్త కార్ఖానా గేటు పక్కన పొయ్యి పెట్టింది. మా ఆయన ఓంప్రకాష్ ఆ కార్ఖానాలోనే మగ్గాలు నడుపుతాడు. మా తెలుగువాళ్లూ, ఒడిశావాళ్లూ, యూపీవాళ్లూ కలిపి నలభై మంది అక్కడ పనిచేస్తారు. అందరూ ఆమె చాయే తాగుతారు.

పొద్దుటి చాయ్‌లో అల్లం ఘాటుగా ఉండాలి. అల్లాన్ని నీళ్లతో పాటే మరగనిస్తుంది. పాలు పోశాక వేస్తే విరుగుతాయని ఆమె భయం. ఒడిశావాళ్లకు పాలు లేని ఎర్ర చాయ్, అందులో నిమ్మరసం, చిటికెడు నల్ల ఉప్పు. ఎవరికైనా కడుపు ఉబ్బరంగా ఉంటే అడక్కుండానే వాము నీళ్లు. వాడి మొహం చూసి ఎలా కనిపెడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. నా ప్రాణం మాత్రం నాలుగింటి చాయ్. అందులో పుదీనాతో పాటు లీలీ చా పడుతుంది. సూరత్‌లో నిమ్మగడ్డిని అలాగే అంటారు. ఆ గడ్డిని కత్తెరతో ముక్కలుగా కోసి వేసి గిన్నె మీద మూత పెడుతుంది. కాసేపటికి మూత కొంచెం జరిపి, కళ్లు మూసుకుని ఆవిరి పీలుస్తుంది. "ఇంక పచ్చిగున్నది" అంటే ఇంకా ఉండాలి. ఏమీ అనకుండా చెంగుతో గిన్నె పట్టుకుందంటే చాయ్ అయినట్టే.

రుచి మాత్రం ఎప్పుడూ చూడదు. పదిమందికి పోసేది ముందుగా తాను నోట్లో పెట్టుకుంటే ఎంగిలి అవుతుందంటుంది. అందరూ తాగాక అడుగున మిగిలిందే ఆమె చాయ్. పదిహేనేళ్లు ఒక్క ముక్కు మీదే నలభై మందికి చాయ్ పోసిన మనిషి. ఆమె మీద కోపం వచ్చిన రోజున కూడా నాకు ఈ మాట గుర్తొచ్చేది, గుర్తొచ్చి ఇంకా మండేది.

రెండు వేల ఇరవైలో మొదటి లాక్‌డౌన్ అయిపోయి మగ్గాలు మళ్లీ తిరిగాక, అందరికీ రోజూ పదకొండింటికి కషాయం పోయమని సేఠ్ ఆమెకు చెప్పాడు. పొయ్యి కూడా గేటు లోపలికి మారింది. ఆ రోజుల్లో కషాయం కాయని ఇల్లు లేదు. నేను కాస్తే మా పిల్ల మంచం కింద దూరేది. అత్త కూడా అవే శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క, తులసి వేసేది. పైన కాస్త బెల్లం. దానికి మగవాళ్లు రెండో గ్లాసు అడిగేవాళ్లు. మగ్గాల మీద పెత్తనం చేసే ముకద్దం అంబదాస్ మంచి మాట అన్నట్టు ఎవరూ వినలేదు. ఆయన కూడా గ్లాసు ఖాళీ చేసి, "అక్కా, ఇది రోగం లేకున్నా తాగొచ్చు" అన్నాడు.

మరుసటేడు ఏప్రిల్‌లో ఆ రోగం మా అత్తకే వచ్చింది. రెండు వారాలు లోపలి గదిలో పడుకుంది. గుమ్మం దగ్గర కంచం పెట్టి, తలుపు బయట కూర్చుని నేను పోట్లాడుతుండేదాన్ని, "తింటవా, నన్ను లోపటికి రమ్మంటవా" అని. లేచింది. నీరసం తగ్గింది. మళ్లీ పనికి వెళ్లడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున నేను నల్లా నుంచి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. పొయ్యి మీద పాలు అడుగంటి నల్లబడుతున్నాయి. మూరెడు దూరంలో కూర్చుని అత్త అల్లం పొట్టు తీస్తోంది.

"అత్తా! పాలు మాడుతున్నయ్, కనిపిస్తలేదా?"

ఆమె తలెత్తి గిన్నె వైపు చూసింది. ఆ చూపులోనే నాకు అర్థమైపోయింది. గబగబా పొయ్యి ఆపేసింది.

"ఎన్ని దినాలైంది?" అన్నాను.

"జరమొచ్చిన కాడికెల్లి." చేతిలోని అల్లం పక్కన పెట్టింది. "ఎవ్వరికి చెప్పకు జమునా. ముక్కు లేదని తెలిస్తే నా పొయ్యి ఎత్తేస్తరు."

ఆ మాట ఊరికే అనలేదు. అంబదాస్ గేటు దగ్గర ప్రతివాణ్నీ నిలబెట్టి అడిగేవాడు. వాసన తెలియడం లేదన్నవాడికి పదిహేను రోజులు లోపలికి అడుగు లేదు. పైగా చాయ్ మిషన్ పెట్టిద్దామని సేఠ్‌కు ఎవరో చెబుతున్నారట. ఒక్క రోజు చాయ్ పాడైతే చాలు, ఆ మిషన్ వచ్చి కూర్చుంటుంది. పొయ్యి లేని వజ్రమ్మను నేను ఊహించుకోలేకపోయాను.

"రుచి చూసి దించు. జర నాలిక మీద వేసుకుంటే ఏమైతది?"

"ఎంగిలి చాయ్ మందికి పొయ్యమంటవా? నా చెయ్యి రాదు."

"అయితే నేనొస్త. నేను వాసన చూసి చెప్త."

నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఆ చూపుకు మామూలు రోజైతే పెద్ద గొడవే అయ్యేది.

అలా నేను ఆమె ముక్కునయ్యాను. పాలు మోయడానికి కోడలు సాయం వస్తోందని గేటు దగ్గర చెప్పుకున్నాం. మొదటి రోజు మూత జరిపి, మాస్క్ దించి పీల్చి, "బాగుంది" అన్నాను.

"బాగుండుడంటే ఏంది? అల్లం ముందొస్తుందా, చాయ్‌పత్తా ముందొస్తుందా?"

నాకేం తెలుసు? నా జన్మలో చాయ్‌ని అలా పీల్చలేదు. ఆమె విసుక్కుంటూనే నేర్పింది. అల్లం పచ్చిగా ఉంటే ముక్కు కొసన గుచ్చుతుంది. మరిగితే గొంతు దాకా దిగుతుంది. పుదీనా ముందుగా వచ్చి తర్వాత వెనక్కి తగ్గుతుంది. అది తగ్గినప్పుడే గిన్నె దించాలి. లీలీ చా ఎక్కువైతే సబ్బు వాసన వేస్తుంది. ఇదంతా ఆమె వాసన తెలియకుండానే, పదిహేనేళ్ల జ్ఞాపకంలోంచి తీసి చెబుతోంది. నేను తప్పు చెబితే చాయ్ రంగు చూసి పట్టేసేది. ఇంత విద్య పక్కనే పెట్టుకుని పన్నెండేళ్లు నల్లా దగ్గర బకెట్ల కోసం కొట్టుకున్నానా అని నా మీద నాకే సిగ్గేసింది. ఆ సంగతి ఆమెకు మాత్రం చెప్పలేదు.

నాలుగు వారాలు బాగా గడిచాయి. ఒకరోజు లీలీ చా ముక్కలు పెద్దగా కోశానని పదిమందిలో నన్ను తిట్టింది. "కండ్లు ఎటు పెట్టినవ్? మీ అమ్మ ఇదే నేర్పిందా?" నేనూ తక్కువ తిన్నానా? కత్తెర అక్కడే పడేసి, "నీ ముక్కు నువ్వే వెతుక్కో" అని గొంతు తగ్గించి అనేసి ఇంటికి వచ్చేశాను. అప్పటికి పదకొండు దాటింది, కషాయం అయిపోయింది. ఇక మిగిలింది నాలుగింటి చాయ్.

మూడున్నరకు నా మనసు ఆగలేదు. చెప్పులేసుకుని బయల్దేరాను. కార్ఖానా గేటు దాటగానే ముక్కుకు తగిలింది, చాయ్‌లో కలిసిపోయిన నూనె వాసన.

ఏమైందో అడగకుండానే తెలిసింది. అత్త చాయ్‌ని గుడ్డతోనే వడగడుతుంది. ఆ గుడ్డ కార్ఖానాలో నేసిన కోరా ముక్క, అప్పుడే మగ్గం మీంచి దిగినది. దానికి గంజి, నూనె పట్టి ఉంటాయి. మూడు నాలుగుసార్లు సోడాలో ఉడకబెట్టి, ఎండేసి, వాసన పూర్తిగా పోయిందని చూసుకున్నాకే వాడాలి. పాత గుడ్డ చిరిగి పొయ్యి పక్కన పడి ఉంది. కొత్తది ఒక్కసారే ఉడికినట్టుంది. చూడటానికి తెల్లగానే ఉంది. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి చేయకూడని తప్పు అది, కానీ ఆ తప్పును పట్టేది కన్ను కాదు.

దారం బాబిన్లు చుట్టే కుర్రాడు ముత్యం ట్రేలు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. గ్లాసులన్నీ నిండుగా ఉన్నాయి.

"అక్కా, ఎవ్వరు తాగలేదు. మిషన్ నూనె వాసనొస్తుంది" అన్నాడు నేల చూస్తూ.

అత్త ఒక గ్లాసు తీసుకుంది. నేను చూస్తుండగా నోట్లో పోసుకుంది. కాసేపు అలాగే ఉంచుకుని మింగింది. తీపీ వేడీ తప్ప ఆమెకు ఏమీ తెలియలేదని మొహం చెప్పేసింది. నాకు ఏడుపు వచ్చింది. తిట్టింది ఆమే అయినా, వదిలేసి వెళ్లింది నేను కదా.

అంతలో లోపలి నుంచి అంబదాస్ గట్టిగా అరుస్తూ వచ్చాడు.

"ఏంది లొల్లి? మగ్గాలిడిచి గుంపులేంది? చాయ్‌కేమైంది? నేను తాగలేదా? ఎప్పటి లెక్కనే ఉన్నది!"

ఆయన చేతిలో గ్లాసు ఉంది. పూర్తిగా ఖాళీగా ఉంది.

ముత్యం ఆ గ్లాసు వైపు చూశాడు. నేనూ చూశాను. గేటు దగ్గర రోజూ అందరి ముక్కుల లెక్క తేల్చే మనిషి! నా నాలుక చివర మంచి పదునైన మాట ఒకటి తయారైపోయింది. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ముత్యం, నువ్వు లోపటికి పో. గుడ్డ మంచిగలేదు, మళ్ల పెడుతున్ననని చెప్పు" అంది.

అతను వెళ్లాక గొంతు తగ్గించి, "తమ్మీ, ఎన్ని దినాలైంది?" అని అడిగింది.

"ఏంది ఎన్ని దినాలు?" అన్నాడు కానీ ఆ గొంతులో జోరు లేదు. చేతిలోని గ్లాసు చూసుకున్నాడు. ట్రేలో నిండు గ్లాసులు చూశాడు. బాబిన్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"నెల దాటింది అక్కా. ఆరుగురిని నేనే ఇంటికి పంపిన. నాది పోయిందని ఏ మొఖంతోని చెప్పాలె?"

ఇప్పుడు ఆయన గుట్టు మా చేతిలో ఉంది. నేనైతే దాన్ని గట్టిగా పట్టుకునేదాన్ని. నీ సంగతి మేం చెప్పం, మా పొయ్యి జోలికి నువ్వు రాకు, అని అక్కడే మాట తీసుకునేదాన్ని. అత్త అలా చేయలేదు.

"నాది గూడ పోయింది తమ్మీ. ఏప్రిల్ నుంచి లేదు. నీకు చెప్పకుండ పోస్తున్న. ఇయ్యాల తప్పు జరిగింది. ఇంక నీ ఇష్టం."

అంబదాస్ చప్పున తలెత్తాడు. "మరి ఇన్ని దినాలు గంత మంచిగ ఎట్ల పెట్టినవ్?"

"నేను ఉడకబెడుత. ఎప్పుడు దించాల్నో ఇది చెప్తది." నా వైపు చూడకుండానే అంది. "దీని ముక్కు నా ముక్కు కంటె మంచిది. ఇయ్యాల నేనే తిట్టి పంపిన. లేకుంటే ఇట్ల కాకపోవు."

పన్నెండేళ్లలో ఆమె నోట నా గురించి విన్న మొదటి మంచి మాట అది. అదీ ఇంకొకరితో చెబుతుంటే విన్నాను. ఏం చేయాలో తోచక చున్నీ చివర పర్రున చింపాను. అది ఎన్ని ఉతుకులు తిన్న కాటనో నాకు తెలుసు. కడిగి, పిండి, ఆమె చేతిలో పెట్టాను. ఆ నూనె గుడ్డ అవతల పడింది, గ్లాసుల్లోని చాయంతా మోరీలోకి పోయింది.

అంబదాస్ లేచి లోపలికి వెళ్లాడు. మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆయన మాటలు గేటు దాకా వినిపించాయి.

"ముక్కు పోయినోడు ఎవడన్న దాచిపెట్టకుండ నాకు చెప్పాలె. నాది గూడ పోయింది, ఇగో చెప్తున్న. మిషన్ వద్దని సేఠ్‌కు నేనే చెప్త. చాయ్ వజ్రమ్మ అక్కదే."

మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. ఆయన వచ్చి అదే పెట్టె మీద కూర్చున్నాడు. అత్త కొత్త నీళ్లు పోసి, అల్లం దంచి వేసింది. చాయ్‌పత్తా, పాలు, లీలీ చా, పుదీనా, ఒక్కొక్కటీ దాని సమయానికి పడింది. మూత పెట్టింది. కాసేపయ్యాక జరిపి నా వైపు తిప్పింది. నేను మాస్క్ దించి పీల్చాను.

"అల్లం గొంతుల దాక దిగింది. పాలు మంచిగ కాగినయ్, తియ్యటి వాసనొస్తుంది. లీలీ చా పచ్చగ, మెత్తగున్నది, సబ్బు లెక్క లేదు. పుదీనా ముందుగాల వచ్చింది అత్తా, ఇప్పుడే వెనుకకు పోతున్నది."

అత్త చెంగుతో గిన్నె పట్టుకుంది కానీ దించలేదు. కళ్లు మూసుకుని ఉంది. పక్కన అంబదాస్ కూడా కళ్లు మూసుకుని ఆవిరి వైపు మొహం పెట్టాడు.

"ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాడాయన.

అత్త కూడా తలూపింది. మొదటి నుంచీ, మెల్లగా, మళ్లీ చెప్పాను.