ఫొటో కోసం వంచిన మోకాళ్లు

నేను ఒక చుట్టకుదురును. నెత్తికీ బరువుకీ మధ్య ఉండేదాన్ని. మోయడమే తప్ప మాట్లాడ్డం పెద్దగా తెలీదు.

నన్ను పుట్టించింది ఇటుకలు మోసే పోలమ్మ. ఎండుగడ్డి మెలితిప్పి, గుండ్రంగా చుట్టి, పైన తన పాత చీర పీలికలు కట్టింది. ముడి బిగించడానికి పళ్లతో కూడా లాగింది. ఆ బిగువు నాలో ఇంకా ఉంది.

మా ఇద్దరి మీదుగా సామర్లకోటలో ఒక మేడ లేచింది. తట్ట నెత్తికెత్తితే పోలమ్మ వెన్ను తాటిమానులా నిలిచేది. దింపాక మేస్త్రి ముందు ఒంగి ఒంగి మాట్లాడేది. మనుషుల సంగతి నాకు అప్పుడే అర్థమైంది. బరువుకి వంగరు, మాటకి వంగుతారు. పని అయిపోయాక పోలమ్మ నన్ను పిట్టగోడ మీద మరిచిపోయి వెళ్లింది.

ఆ మేడలో అద్దెకు దిగింది రజియా మేడమ్. మనుషులు నిలబడే తీరు, నడక, ఊపిరి సరిచేసే ఆవిడ. బిళ్లలివ్వదు. చాపలు, నిలువుటద్దం, నూనె సీసాలు, అంతే సరంజామా. నన్ను దులిపి ఎండబెట్టి మేకుకు తగిలించింది. వచ్చినవాళ్ల నెత్తిన నన్ను పెట్టి, నా మీద నీళ్ల చెంబు పెట్టి నడిపించేది. కంప్యూటర్ల ముందు మెడలు సాగినవాళ్లు, స్కూటర్ల మీద గూనిపడ్డవాళ్లు, చెంబుడు నీళ్లకే చెమటలు కక్కేవాళ్లు. ఇటుకలు మోసినదాన్ని, నాకు నవ్వొచ్చేది.

ఒకరోజు చిట్టెమ్మ వచ్చింది. పేరుకే చిట్టెమ్మ. మనిషి మాత్రం గుమ్మం పైకమ్మీకి తగిలేంత పొడుగు. అయినా ఆ గుమ్మం ఆమె తలకి తగల్లేదు. మెడ నొప్పి, చేతుల తిమ్మిరి అంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారట. మేడమ్ ముందుగా ఆమె పాదాలు చూసింది.

“మెడ నొప్పికి కాళ్లెందుకండీ చూడ్డం?”

“మనిషంతా ఒకటే గుడ్డ కదా. ఈ కొస లాగితే ఆ కొస ముడతపడుద్ది. మోకాళ్లెందుకు వంచారు చిట్టెమ్మ గారూ?”

చిట్టెమ్మ కిందికి చూసుకుంది. కుచ్చిళ్ల చాటున మోకాళ్లు నిజంగానే వంగి ఉన్నాయి. “ఫొటో కోసమండి,” అంది.

“ఏ ఫొటో?”

“మా పెళ్లి ఫొటో. మా ఆయన నా చెవిదాకా వస్తారండి. పెళ్లికూతురు పొడుగు కనపడకూడదని, చీరలోపల మోకాళ్లు వంచమంది మా ఆడపడుచు.”

“ఎప్పుడైంది పెళ్లి?”

“మా పెద్దాడికి పెళ్లి కుదిరిందండి.”

మేడమ్ నవ్వలేదు. మేకు మీంచి నన్ను తీసింది.

మొదట్లో అడుగు పడకముందే చెంబు దొర్లేది, రవిక తడిసిపోయేది. మేడమ్ ఆమెను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరిని కడుపులోకి దింపించింది. భుజాలకు నూనె పట్టించింది. మడమల మీద నిలబడడం నేర్పింది. పట్టేసిన పిక్కలు ఏడిపించాయి. వానలు వెనకబట్టేసరికి చెంబు కదలడం మానేసింది. నొప్పి మొత్తం పోలేదు గానీ, చెయ్యి జడ వేసుకునేంత ఎత్తు లేచింది. ఒకనాడు నుదుటి మీద బొడిపెతో వచ్చింది. వంటింటి గుమ్మం తగిలిందట. నవ్వుతూ చెప్పింది. కాపురానికొచ్చాక ఆ గుమ్మానికి ఆమె తగలడం అదే మొదలు.

నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. భర్త గవర్రాజుది కిరాణా కొట్టు. “మీ ఆవిడ ఎరువేమన్నా వేసుకుంటోందేంటోయ్?” అని అక్కడ వెక్కిరింతలు మొదలయ్యాయి. అతను ఆమె పక్కన నడవడం మానేసి ముందు నడవసాగాడు.

“రేపు మావాడి పెళ్లి ఫొటోలో ఆయన నా పక్కన నిలబడకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?” అంది చిట్టెమ్మ.

“వంగుతారా మరి?”

చిట్టెమ్మ పెళ్లికుండ మొయ్యాలని మేడమ్‌ని అడిగి నన్ను తీసుకెళ్లింది.

పెళ్లినాడు కుమ్మరి ఇంటి నుంచి రంగుబొట్లు పెట్టిన ఐరేని కుండ నెత్తికెత్తుకుంది. ముందు సన్నాయి, వెనక తను. చేతి ఆసరా లేదు. పోలమ్మ తర్వాత అలాంటి వెన్ను నేను చూళ్లేదు. పందిట్లో ఫొటోగ్రాఫరు ఆపాడు. గవర్రాజు వచ్చి పక్కన నిలబడ్డాడు, మూరెడు ఎడంగా.

“చిట్టీ, కాస్త వంగవే. తమ్ముడు నీ పక్కన చంటోడిలా ఉన్నాడు,” అంది ఆడపడుచు సుందరమ్మ.

“కుండ పడిపోద్ది వదినా.”

“అయితే దింపి వంగు.”

ముత్తయిదువలు కుండ దింపారు. నేను నెత్తినే ఉన్నాను. పందిరంతా చూస్తోంది. పాత అలవాటు ఆమె మోకాళ్లని కిందికి లాగుతోంది. మడమలు నేలకి తన్నిపెట్టింది. ఊపిరి కడుపులోకి దిగింది.

“వంగను వదినా. పోయినసారి ఫొటోకి వంగినదాన్ని, మొన్నే లేచాను.”

సుందరమ్మ మొహం మాడ్చుకుని, “ఆ గడ్డి అన్నా తియ్యి,” అని చెయ్యి చాపింది.

“అది కూడా ఉంటుంది.”

గవర్రాజు తలెత్తి భార్యని చూశాడు. ఇంకాస్త తలెత్తి నన్ను చూశాడు. ఇక పక్కకి తప్పుకుంటాడనుకున్నాను. కండువా సర్దుకుని, ఆ మూరెడూ దగ్గరికి జరిగాడు.

“తియ్యవయ్యా ఫొటో. మా ఆవిడ పొడుగని ఊరందరికీ తెలుసు. నీ కెమెరా దగ్గర దాపరికమేంటి?”

“ఎరువు బాగా పట్టిందోయ్ గవర్రాజూ!” ఎవరో అరిచారు.

“నీకూ ఓ బస్తా పంపుతా, ఉండు!”

ఇప్పుడు నా గడ్డి రాలిపోతోంది. మేడమ్ కొత్త చుట్టకుదురు చేయించింది. నేను మేకుకే వేలాడుతున్నాను. పక్కనే ఆ ఫొటో, చిట్టెమ్మే తెచ్చి తగిలించింది. పట్టుచీరలో నిలువునా తను, చెవిదాకా గవర్రాజు, అందరికంటే ఎత్తున నేను. నన్ను కూడా పట్టించడానికి ఆ ఫొటోగ్రాఫరు వెనక్కి జరగాల్సొచ్చింది.

జరిగితే జరిగాడు.