కుండలో హోరు

మ్వీత్వ పందొమ్మిదేళ్లుగా మోసీ-ఓవా-తున్యా జలపాతం గేటు దగ్గర రెయిన్‌కోట్లు అద్దెకిస్తున్నాడు. పొద్దున్నే మొక్కజొన్న జావ తాగి, నిన్నటి కోట్లు దులిపి తీగమీద ఆరేసి, "తడిస్తే జ్వరమొస్తుంది బాబూ" అని వచ్చేపోయేవాళ్లని భయపెట్టి బతుకుతున్నాడు. ఆ భయంలో సగానికి పైగా తనదే. ఇన్నేళ్లలో ఒక్కసారీ గేటు దాటి తడిసిన పాపాన పోలేదు. ఎవరైనా వెక్కిరిస్తే, "శవపేటికలు చేసేవాడు అందులో పడుకుని చూస్తాడా ఏంటి?" అని తనే ముందు నవ్వేవాడు.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటి కుండలోనూ జలపాతం హోరు కొంచెం ఉంటుంది. పిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోతారు. ఏ ఇంట్లోనైనా కుండ మూగబోతే, పిండి నిండుకుంటే తెచ్చుకున్నట్టే, ఆ ఇంటాయన వెళ్లి హోరు పట్టుకొస్తాడు.

ఆ మంగళవారం అతని భార్య లుయాండోకి నొప్పులు మొదలైన గంటకే వాళ్ల కుండ మూగబోయింది.

లుయాండోకి ఇది మూడో కాన్పు. మొదటి ఇద్దరు పిల్లలూ ఏడవకుండానే పోయారు. కుండ మూగబోయిన సంగతి ఆ రెండుసార్లూ ఆలస్యంగా చూసుకున్నారు.

అత్తగారు వాకిట్లోకొచ్చింది. అల్లుడితో నేరుగా మాట్లాడటం అక్కడ మర్యాద కాదు. అందుకని కోడితో చెప్పింది.

"ఏమే కోడీ, ఈ ఇంటాయన ఇంకా ఇక్కడే నిలబడ్డాడా? చిన్న కుండ పట్టుకుని పరిగెత్తమను. బిడ్డ ఈయన తీరిక చూసుకుని పుట్టదు."

"వెళ్తున్నానని చెప్పవే," అన్నాడు మ్వీత్వ, అదే కోడితో.

డ్రైవరు హమూంగా టాక్సీలో జలపాతానికి చేరాడు. అలవాటు కొద్దీ ఒక కోటు తొడుక్కున్నాడు. భయం కొద్దీ దానిమీద ఇంకోటి. లోయమీది సన్న వంతెన మధ్యకి కళ్లు సగం మూసుకునే నడిచి, కుండ మూత తీసి పట్టుకున్నాడు. వంద అంకెలు లెక్కపెట్టాడు. చెవి ఆనించాడు. కుండ మూగగానే ఉంది.

యాత్రికుల్ని వెంటేసుకుని వస్తున్న గైడు సిలోకా ఆగి, నెత్తి కొట్టుకున్నాడు.

"ఏం మనిషివయ్యా! మీ ఇంటికి అప్పడగటానికొచ్చినవాడు నీ ఎదుట గొడుగేసుకుని కూర్చుంటే ఇస్తావా? కోటు విప్పు!"

"రెండున్నాయి."

"అయితే రెండూ విప్పు!"

గుండీలు ఊడదీయటానికి వేళ్లు ఒప్పుకోలేదు. లుయాండో పొద్దున తన చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసిన సంగతి గుర్తొచ్చింది. ఒక్క లాగు లాగాడు. గుండీలు లోయలో పడ్డాయి. నీళ్లు మొహాన కొట్టాయి, మెడ వెనక నుంచి దిగాయి, బూట్లలో నిండాయి. కుండలో చుక్క నీరు లేదు గాని, చేతులు కిందకి లాగేంత బరువెక్కింది. అంత జలపాతమూ ఒక్క ఊపిరి సేపు చప్పుడు లేకుండా పడింది. యాత్రికులు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఆడించుకున్నారు.

"ఇంటి పనిమీద వచ్చాడు, అయిపోయింది, పదండి," అన్నాడు సిలోకా.

మూత బిగించి టాక్సీ ఎక్కాడు. రెండు మైళ్లు పోయారో లేదో, రోడ్డుకి అడ్డంగా ఏనుగుల మంద. హమూంగా ఇంజను ఆపేశాడు. "హారన్ కొడితే మనల్ని పచ్చడి చేస్తాయి. ఓపిక పట్టు."

ఫోన్ మోగింది.

"అల్లుడూ!"

అత్తగారు కోడిని వదిలేసి నేరుగా పిలిచిందంటే!

"పుట్టింది. ఏడవటం లేదయ్యా. మంత్రసాని పాదాలు రుద్దుతోంది, వీపు చరుస్తోంది. ఎక్కడున్నావు?"

ముందు పదిహేను ఏనుగులు. వెనక ఇంకెన్నో.

"అత్తా, ఫోన్ బిడ్డ చెవి దగ్గర పెట్టు."

"ఏంటీ?"

"పెట్టు!"

మూత తీసి, కుండ మూతికి ఫోన్ ఆనించాడు. హోరు ఫోన్‌లోకి పోయింది. టాక్సీ అద్దాలు గడగడలాడాయి, ఏనుగులు చెవులు విప్పి తిరిగి చూశాయి. కుండ తేలికవుతూ, తేలికవుతూ, చివరికి వట్టి మట్టి బరువే మిగిలింది.

అవతల నిశ్శబ్దం.

"అత్తా?"

నిశ్శబ్దం.

ఆ తర్వాత ఎవరో చిన్నగా తుమ్మారు. వెంటనే, ఎవరిమీదో పీకలదాకా కోపమొచ్చినట్టు, ఏడుపు.

హమూంగా కుండలోకి తొంగిచూసి, చెవి పెట్టి, తల అడ్డంగా ఊపాడు. "అంతా పోసేశావు కదయ్యా! ఇంటికి కాస్తయినా ఉంచుకోవద్దూ?"

"ఎంత పోయాలో నాకేం తెలుసు," అన్నాడు మ్వీత్వ, బట్టల్లోంచి సీటంతా నీళ్లు కారుతుండగా.

ఏనుగులు దాటేసరికి ఇంకో పావుగంట పట్టింది. అంతసేపూ పిల్ల ఏడుస్తూనే ఉంది. మ్వీత్వ ఫోన్ పెట్టెయ్యలేదు.