అర్ధముద్ర

వర్షర్తువు వెడలిపోయి శరల్లక్ష్మి ప్రవేశింపగా నిర్మలాంబరమున జలభారము దించుకొనిన శ్వేతమేఘములు తీరుబడిగా విహరించుచుండ, విజయనగరపు ఇంటిగోడలపై పేరుకొనిన పాచి బాలభాను కిరణములకు ఎండి పెళుసులై రాలుచుండ, నెలల తరబడి చెమ్మకు ముడుచుకొనిన వస్తుజాలమెల్ల వీథియరుగుల మీదికి వచ్చి వెచ్చదనము ననుభవించుచుండెను. ఆ వేళ కళాశాలయందు చరిత్రోపన్యాసకుడగు కోదండపాణి పంతులు తన తపాలాబిళ్లల సంపుటములను అరుగుపై నీడపట్టున పరచి గాలికి ఆరవేయుచుండెను. దేశదేశములయందు జరిగిన క్రీడోత్సవముల స్మారకార్థము వెలువడిన బిళ్లలును ఆ క్రీడాప్రాంగణములయందే వేయబడిన తపాలాముద్రలును ఆయన యావజ్జీవితార్జితము. పరుగెత్తువారికిని ఈదువారికిని గుండు విసరువారికిని గాలి తగులనిచ్చెను గాని మల్లయుద్ధపు పుట వచ్చునప్పటికి ఆయన చేయి సాగలేదు. దానికి కారణము పైడమ్మ.

పైడమ్మ ఆ వీథివారికి పెరుగు పోయునది. తల్లి పోగా ఆమె చంకనెత్తుకొని పెంచిన తమ్ముడు గౌరినాయుడు కుస్తీలు నేర్పు తాలింఖానాలో ఆరితేరిన మల్లుడై దేశము పక్షమున పోటీ చేయుటకు ఓడనెక్కి విదేశమునందలి క్రీడోత్సవమునకు పోయెను. తిరుగుప్రయాణమున జ్వరము తగిలి ఓడలోనే ప్రాణములు విడువగా కళేబరమును కడలికే అర్పించిరి. అక్కకు దక్కినది అతడు అచ్చటినుండి పంపిన కవరొక్కటియే. లోని జాబు తోడివాడెవడో వ్రాసిపెట్టినది. ఊరి పేరు ఆంగ్లమున చేర్చినదియు వాడే. పైడమ్మ అను మూడక్షరములు మాత్రము, ఆమె దిద్దించిన విద్య గనుక, గౌరినాయుడు కలము విరుగునంత బలముతో నొక్కి తానే వ్రాసెను.

ఆ కవరుపై పెనగులాడుచున్న మల్లుల బొమ్మగల బిళ్లను, సగము బిళ్లమీదను సగము కాగితముమీదను పడిన క్రీడోత్సవపు గుండ్రని ముద్రను చూడగానే పంతులుకు నోరూరెను. అడుగగా ఆమె సంతోషముతోనే ఒప్పుకొనెను. బిళ్ల పంతులుది, కవరు తనది, ఇది ఒడంబడిక. గోరువెచ్చని నీట నానవేసి బిళ్లను ఊడదీయుట ఆ విద్యలో ఓనమాలు. బిళ్లయున్న మూలను కత్తిరించి నానవేయుట పద్ధతి గాని, కత్తిరించినచో ఆమె కవరు అవిటిదగునను మంచిబుద్ధితో పంతులు లోని జాబు తీసి కవరంతయు పళ్లెములోనికి జారవిడిచెను. మంచిబుద్ధి చేసిన చెరుపు చూడుడు. నూనెసిరా ముద్ర చెక్కుచెదరలేదు, బిళ్ల సులువుగా తేలివచ్చెను, దానివెంట కలముతో వ్రాసిన సిరా నీలముగా లేచి పేరును ఊరును చూచుచుండగనే నీట కలిసిపోయెను. కడలిలో పోయినవాడు పళ్లెములో మరల పోయెను.

నిజము చెప్పుటకు అరుగు దిగినంత దూరమే; పంతులు దిగలేదు. తడికవరును అద్దుడుకాగితముల నడుమ నుంచి, పైన లావుపాటి నిఘంటువులు పేర్చి ముడత లేకుండ అణచి ఆరబెట్టి, మిగిలిన నీలిచారికల జాడ పట్టుకొని ఆ వ్రాతను వంకరటింకరగా తానే వ్రాసెను. పైడమ్మ దానిని కన్నుల కద్దుకొని దీపపుగూటిలో పెట్టుకొనెను. నాటినుండి పంతులు గిన్నెలో మీగడ ఎక్కువగా పడసాగెను. ఆ పెరుగు ఆయనకు మింగుడుపడెడిది కాదు. వలదన్నచో కారణము చెప్పవలెను గదా యని మింగెడివాడు.

పిమ్మట విశాఖపట్టణమున జరిగిన ప్రదర్శనమునందు ఆ బిళ్లకు బహుమానము వచ్చెను. న్యాయనిర్ణేత యొకడు దానిని పరికించి, కవరుతో ఉంచినచో ముద్ర పూర్ణమై దీనికి సాటి యుండెడిది కాదనియు, ఊడదీసిన చేతులు ఎవరివోగాని పాపము చేసినవనియు నిట్టూర్చెను. పంతులు తన చేతులను జేబులలో పెట్టుకొనెను. సిగ్గుమాలిన మాటయైనను చెప్పక తప్పదు: ఆ క్షణమున ఆయనకు పశ్చాత్తాపముకంటె ముందు కలిగినది ఆ కవరుపై ఆశ.

అట్టి పంతులు ఎదుట ఆ శరత్ప్రభాతమున పైడమ్మ పెరుగుకుండ దించి కొంగుచాటునుండి కవరు తీసెను. ఆమె కన్నులకు పొర కమ్మి కొంతకాలమయ్యెను.

"బాబూ, కళ్లు కనపడినన్నాళ్లూ సూసుకునీదాన్ని. ఇప్పుడు తడుముకోడమే. మా తమ్ముడు నొక్కి రాసిన అచ్చరాలు ఎనకవైపుకి కూడా గుచ్చుకునీవి. ఇప్పుడేటో నున్నగా తగులుతున్నాయి. కుండలు మోసి మోసి నా వేళ్లు మొద్దుబారిపోనాయి కావాల. మీరొకపాలి తడిమి సెప్పండి."

ఔను, నీ వేళ్లే మొద్దుబారినవని యొక్కమాట అన్నచో కథ అంతటితో ముగియును. ఆ మాట పంతులు నాలుక చివరివరకు వచ్చెను. ఏండ్ల తరబడి ఆమె మీగడ తిన్న నాలుక గనుక కాబోలు, అది దానిని పలుకజాలకపోయెను.

"పైడమ్మా, నీ వేళ్లయందు దోషము లేదు. ఆ యక్షరములు నీ తమ్మునివి కావు, నావి," అని నీళ్లపళ్లెము మొదలు నిఘంటువుల వరకు జరిగినదంతయు తలవంచుకొని చెప్పివేసెను.

ఆమె ఏడువలేదు, తిట్టలేదు. ఒక్కటి మాత్రము అడిగెను.

"అయితే ఇన్నాళ్లూ నాను దీపమెట్టింది మీ రాతకా బాబూ?"

ఆమె కవరును తడుముకొనుచు ఆయన సంపుటముపై పెట్టెను.

"బిళ్ల మీది, కవరు నాది అనుకున్నాం. ఇప్పుడు రెండూ మీయే. ఉంచుకోండి."

పిదప కుండ వంచి ప్రతి యింట పోసినట్లే ఆ ఇంటను కొలత ప్రకారము పెరుగు పోసి పైడమ్మ వెడలిపోయెను. గిన్నెలో మీగడ లేదు.

పంతులు మల్లయుద్ధపు పుట తెరచి బిళ్లను కవరుపై దాని చోట నుంచెను. విడిపోయిన ముద్ర వెంట్రుకవాసి తేడా లేక కలిసి నిండువలయమయ్యెను. ఆయన కోరిన నిధి కోరినట్లు చేతికి అందెను. కోరినది అందుటయు ఒక్కొక్కప్పుడు శిక్షయే యగును. ఆ పుటను ఆయన ఎవరికిని చూపలేదు. ఏటేట శరత్తు రాగానే తక్కిన సంపుటములను నీడనుంచి, దానినొక్కదానిని మాత్రము ఎండలోనికి తెరచిపెట్టి, తాను వ్రాసిన ఆ మూడక్షరములు వెలిసిపోవునేమో యని చూచుచు కూర్చుండెడివాడు. అవి వెలిసిపోలేదు.