డెబ్బై సెంట్ల మెరక

జీవరత్నం గారు పోయిన రోజు పొద్దున తొమ్మిదికల్లా పటమటలో ఆ వీధికి రెండు వైపులా కార్లు నిలిచిపోయాయి. మూడుసార్లు ఎమ్మెల్యే, ఒకసారి మంత్రి. ముందు హాల్లో అద్దాల ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టి, మీద పార్టీ జెండా కప్పారు. భార్య తెరేసమ్మ తలవైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్ళు ముందు ఆయనకు దండ వేసి, తరవాత ఫోటోగ్రాఫర్ వైపు తిరిగి, చివరికి ఆవిడకు దణ్ణం పెట్టి వెళ్తున్నారు. నలభై రెండేళ్ళు రాజకీయ నాయకుడితో కాపురం చేసిన మనిషికి ఆ వరస కొత్త కాదు.

ఆవిడ మనసులో ఒకటే ఉంది. రేపు మధ్యాహ్నానికి ఆయన్ని ఊరికి తీసుకెళ్ళి పాప పక్కన పడుకోబెట్టాలి.

ఊరంటే చల్లపల్లి అవతల, కాలవ పక్కన వాళ్ళ పేట. పాపంటే వినీల. తొమ్మిదేళ్ళ పిల్ల, మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో చేజారిపోయింది. ఇప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ సమాధికి అటొక చోటు, ఇటొక చోటు సున్నం కొట్టిన ఇటుకలతో హద్దు కట్టి ఉంచారు. ఎడమవైపు నాన్నది, కుడివైపు అమ్మది. మొన్న ఆదివారం, మాట పూర్తిగా పడిపోకముందు, జీవరత్నం గారు భార్య చెయ్యి పట్టుకుని అడిగింది కూడా అదే.

"నన్ను పాప పక్కనే పెట్టు తెరేసా. మీటింగులని, క్యాంపులని దాన్ని సరిగ్గా ఎత్తుకోను కూడా లేదు."

ఆవిడ సరేనంది. మాటిచ్చింది.

ఆ పేటలో ఒకప్పుడు చనిపోయినవాళ్ళకు చోటు లేదు. అంతా పల్లపు నేల, మూడడుగులు తవ్వితే నీళ్ళు ఊరుతాయి. మురుగు కాలవ గట్టు మీదే పూడ్చుకునేవారు. వానాకాలం గట్టు మునిగితే నీళ్ళు తీసేదాకా శవాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చునేవారు. ముప్ఫై ఏళ్ళ కిందట అలాంటి ముసురులోనే రావమ్మ మొగుడు పోయాడు. రావమ్మ తెరేసమ్మకు తోడికోడలి వరస. మూడో రోజు పొద్దున తెరేసమ్మ ఆ శవాన్ని ట్రాక్టర్ ఎక్కించి, తీసుకెళ్ళి మండలాఫీసు మెట్ల ముందు దింపించింది. పక్కన రావమ్మ, వెనక పేట ఆడవాళ్ళంతా. చోటు చూపిస్తేగానీ లేచేది లేదన్నారు.

జీవరత్నం గారు అప్పుడు మొదటిసారి ఎమ్మెల్యే, అదీ అధికారంలో ఉన్న పార్టీలో. పరుగెత్తుకొచ్చి, "నా పరువు తియ్యకు, లే" అన్నారు. లేవలేదు. బతిమాలారు. లేవలేదు. సాయంత్రానికి ఆయనే చెప్పులు విడిచి వచ్చి, వానలో ఆవిడ పక్కన నిలబడ్డారు. కూర్చోలేదు గానీ నిలబడ్డారు. అందుకే ఆవిడ తరవాత ఆయన తప్పులు చాలా క్షమించింది. మర్నాడు కలెక్టరు వచ్చి డెబ్బై సెంట్ల మెరక నేల రాసిచ్చాడు. శిలాఫలకం మీద ఆయన పేరే చెక్కారు, పేపర్లోనూ ఆయన ఫోటోనే వచ్చింది. పేటవాళ్ళు మాత్రం దాన్ని తెరేసమ్మ మెరక అనే అంటారు. ఏడాది తిరక్కుండా వినీల కూడా అక్కడికే చేరింది.

పదకొండింటికి జిల్లా పార్టీ కార్యదర్శి విశ్వేశ్వర్ వచ్చాడు. మంచివాడే, కాకపోతే ఏడుపులో కూడా ఏర్పాట్లు కనిపించే రకం.

"అమ్మా, పైనుంచి ఓకే అయిపోయిందండీ. ప్రభుత్వ లాంఛనాలు, మన ఊళ్ళోనే. సార్ కోరిక కూడా అదే కదండీ. ఆ మెరక మొత్తం స్మృతివనం కడుతున్నాం" అని ఫోన్లో బొమ్మ చూపించాడు.

తెరేసమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. మధ్యలో పాలరాతి సమాధి, పన్నెండడుగుల విగ్రహం, చుట్టూ పచ్చిక, ప్రహరీ, గేటు, వర్ధంతికి వచ్చేవాళ్ళ కార్లకు చోటు. వినీలకు చిన్న మండపం కూడా గీశారు. ఆవిడ వేలితో బొమ్మను అటూ ఇటూ జరిపి చూసింది.

"మిగతా సమాధులేవి బాబూ?"

"మర్యాదగా తీయించి గట్టు వైపు మారుస్తామండీ. ఊళ్ళోవాళ్ళే పొద్దున తీర్మానం రాసిచ్చారు."

"ఇక ముందు పోయేవాళ్ళో?"

"చూస్తామండీ. వేరే స్థలం తప్పకుండా చూస్తాం."

చూస్తాం అన్న మాటకు అర్థం తెరేసమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మాట భర్త నోటే వెయ్యిసార్లు వింది.

"అవేం వద్దు. మామూలు సమాధి చాలు. ఏమీ కట్టనని రాసిస్తావా?"

విశ్వేశ్వర్ తల దించుకున్నాడు. "అబద్ధం చెప్పలేనండీ. సార్ అక్కడ పడుకున్నాక కట్టకుండా ఎవరాపగలరు? మేం ఊరుకున్నా మీ పేటవాళ్ళు ఊరుకోరు."

పేటవాళ్ళు అప్పటికే వ్యాన్లో వచ్చి ఉన్నారు. రావమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, పెట్టె మీద పడి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తెరేసమ్మ ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"అక్కా, ఆ కాయితం మీద నువ్వూ వేలిముద్ర వేశావా?"

"అందరికంటే ముందు నేనే ఏశా. మా మరిదికి గాకపోతే ఎవరికిస్తామే? పాలరాయంట! మంత్రులొస్తారంట!"

"బావగారి ఎముకలు తవ్వి తీస్తారంటక్కా."

"తియ్యనీ. మా రత్నం కోసరం ఆయనే లేచి పక్కకి జరుగుతాడు."

"రేపు నువ్వు పోతే నిన్నెక్కడ పెడతారు?"

రావమ్మ వింతగా చూసింది. "గట్టు లేదా ఏంటి? ఎనకటికి పెట్టలా?"

ఆ గట్టు మీంచి వీళ్ళను లేపడానికే గదా వానలో ఈ మనిషి పక్కనే కూర్చుంది. ఇప్పుడు అదే మనిషి ప్రేమ కొద్దీ, సంతోషంగా, మళ్ళీ గట్టు మీదికి పోతానంటోంది. కోపం వస్తే బాగుండేది. రాలేదు.

హాల్లోకి వచ్చి పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టింది. ఆయన మొహం నిద్రపోతున్నట్టే ఉంది. ఈయన ఒక్కడు వెళ్తే అక్కడ ఉన్నవాళ్ళంతా లేవాలి.

"ఊరికి తీసుకెళ్ళట్లేదు. ఇక్కడే, బెజవాడలోనే" అంది చివరికి.

విశ్వేశ్వర్ ఏదో అనబోయి ఆగాడు. వెనకే వచ్చిన రావమ్మ ఆగలేదు.

"మా పిల్లోడిని మాకివ్వవా?"

"ఇవ్వనక్కా. మీకోసమే ఇవ్వను."

"మాకోసమంట! పట్నం నేర్పిందే నీకిది. కన్నబిడ్డ కాడికి తండ్రిని పోనీకుండా అడ్డం పడ్డావు. నువ్వేం ఆడదానివే!"

పేటవాళ్ళు ఆ మధ్యాహ్నమే వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయారు. మట్టి వెయ్యడానికి ఒక్కరూ ఆగలేదు.

మర్నాడు నగరంలో క్రైస్తవుల శ్మశానంలో, రెండు పాత సమాధుల మధ్య, పెట్టె పట్టేంత సందులో జీవరత్నం గారిని దించారు. విగ్రహానికి కాదు గదా, దండలు పెట్టడానికే అక్కడ చోటు చాల్లేదు. పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చారు. తెరేసమ్మ గుప్పెడు మట్టి వేసి, మాట తప్పానండీ అని గొణిగింది. పక్కనున్న ఫాదర్ అది ప్రార్థన అనుకుని ఆమెన్ అన్నాడు.

అది జూన్ నెల. నవంబరు రెండున సమాధుల పండగకు ఆవిడ ముందు నగరంలో ఆయన దగ్గర కొవ్వొత్తి వెలిగించి, తరవాత బస్సెక్కి ఊరికి వెళ్ళింది. ఆ అయిదు నెలల్లో పేట నుంచి ఒక్క ఫోను లేదు. మెరక మీద అందరూ సున్నాలు వేసుకుంటున్నారు. ఆవిడను చూసి ఎవరి పనిలో వాళ్ళు తలలు దించుకున్నారు.

వినీల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఎడమవైపు హద్దు ఇటుకలు లేవు. ఆ చోట కొత్త మట్టి దిబ్బ, మీద చెక్క సిలువ, దాని పక్కన రావమ్మ కూర్చుని ఉంది.

"మా మనవరాలు స్టెల్లా" అంది రావమ్మ, తల ఎత్తకుండానే. "ఇరవై రెండేళ్ళు. కాన్పులో పోయింది. పోయిన నెల ముసురులో గట్టు మునిగిపోయింది. ఇక్కడ చూస్తే ఇంకెక్కడా ఖాళీ లేదు. నిన్నడక్కుండానే పెట్టాం. మరిది ఎట్టాగూ రాడు గదా అని."

తెరేసమ్మ రావమ్మ పక్కనే మట్టిలో కూలబడి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు నువ్వు గనక ఇచ్చుంటే, ఈ పిల్లని..." రావమ్మ రెండో చేత్తో దిబ్బ మీద మట్టి సర్దింది. "తిట్టరాని తిట్లు తిట్టానే నిన్ను."

"పోనీలే అక్కా."

సంచీలో కొవ్వొత్తులు రెండున్నాయి. ఒకటి పాపకు, ఒకటి ఆయన ఖాళీ చోటుకని తెచ్చింది. రెండోది స్టెల్లా దగ్గర వెలిగించింది. మొదటిది వినీల తలవైపు పెట్టి, వంగి, ఆ సున్నపు రాయికి నుదురు ఆనించింది. అయిదు నెలలుగా ఎవరి ముందూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"నాన్న ఇంక రారమ్మా" అంది. "నేనే రానివ్వలేదు."