నలభై గజాలు ముందు

...పడమటి గాలి ఇలాగే వీస్తే మొదటి చుట్టంతా పికిల్స్ వీపు చాటున ఉండిపోవాలి, రెండో చుట్టులో పెవిలియన్ మలుపు దాకా తొందరపడకూడదు, అక్కడ గడ్డి ఎప్పుడూ చిత్తడే, కొత్తవాళ్లు కాలు జారి కంగారుపడతారు, తను పడడు, అయినా ఈ పికిల్స్ ఇందాకటి నుంచి తనవైపు చూడడేం, నేలమీద ఏం పారేసుకున్నాడని?

ఈనాక్ హార్‌గ్రీవ్స్ తెల్లగీతకు బూటు కొన ఆనించి నిలబడి ఉన్నాడు. గీత మీద అతని పక్కన ఆర్నాల్డ్ పికిల్స్ ఒక్కడే. మిగతా పందెగాళ్లు ముందు, మైదానం అంచు వెంబడి, ఎవరి మేకు దగ్గర వాళ్లు చేతులు రుద్దుకుంటున్నారు. హెల్మ్‌షాలో అర మైలు పందెం అందరూ ఒకేచోటి నుంచి మొదలుపెట్టరు. ఎవరి సత్తాను బట్టి వాళ్లకు, చోట్లు నిర్ణయించే క్లెగ్ కొన్ని గజాలు ముందు చోటిస్తాడు, అక్కడొక కర్రమేకు పాతిస్తాడు. అందరికంటే గట్టివాడికి ఏమీ ఇవ్వడు. వాడు గీత మీద నిలబడి, ముందున్న వీపులన్నిటినీ తరుముకుంటూ పోవాలి. ఎడ్వర్డ్ రాజు బతికున్న రోజుల నుంచీ ఆ గీత ఈనాక్‌ది. ఎవరి చోటు ఎక్కడో పెవిలియన్ గోడకు ఆనించిన నల్లబల్ల మీద రాస్తారు. మిగతావాళ్లు మధ్యాహ్నం దాని ముందు గుమిగూడారు. ఈనాక్ అటు పోలేదు. గీత మీది మనిషికి చూసుకోవలసిన పని ఉండదు.

పందెం మొదలుపెట్టడానికి పిస్తోలు పట్టుకుని వస్తున్న డక్‌వర్త్ అతని ముందు ఆగాడు.

"ఈనాక్, నీ చోటు ఇది కాదయ్యా."

"ఏంటీ?"

"నీ మేకు అక్కడ." పిస్తోలు కొసతో చూపించాడు. "నలభై గజాలు ముందు."

తాడు అవతల జనంలో ఒక నేతగత్తె గొంతు లేచింది. "మేస్త్రీ కదే పాపం! ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి, లేకపోతే పక్కూరు బరీ దాకా నడిచిపోతాడు!"

నవ్వులు. మిల్లులో ఈనాక్ మగ్గాలు సరిచేసే మేస్త్రీ. మేస్త్రీల బుర్రల మీద హాస్యాలాడటం లాంకషైర్ నేతగత్తెలకు రోజూ ఉన్న పనే, రోజూ అతనూ వాళ్లతో కలిసి నవ్వుతాడు. ఇవాళ ముఖం కదల్లేదు. సిగ్గు ముందు చెవుల్లో మొదలైంది, అక్కడి నుంచి మెడకు, భుజాలకు దిగింది. చేతులు లేని బనీనులో భుజాలు దాచుకోవడానికి లేదు. నలభై ఏళ్లు దాటిన భుజాలని, వాటి మీద తోలు వదులైందని, ఇంతమందికీ కనబడుతున్నాయని అతనికి ఆ క్షణం దాకా తోచలేదు.

"క్లెగ్‌ని పిలువు," అన్నాడు.

క్లెగ్ టోపీ సర్దుకుంటూ వచ్చాడు. మనిషి బొద్దు, మెత్తని గొంతు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. డక్‌వర్త్ బ్యాండువాళ్లకు చెయ్యి ఊపాడు, వాళ్లు ఇంకో పాట ఎత్తుకున్నారు.

"ఏంట్రా ఇది, క్లెగ్? కిందటేడు ఇదే గీత మీది నుంచి గెలిచాను. ఇతన్నే గెలిచాను."

క్లెగ్ పికిల్స్ వైపు చూశాడు. పికిల్స్ ఇంకా నేలవైపే చూస్తున్నాడు.

"నీకంత కష్టంగా ఉంటే గీత మీదే ఉండరా," అన్నాడు క్లెగ్ గొంతు తగ్గించి. "గజాలు వద్దనుకున్నవాణ్ణి ఎవరూ నెట్టరు. నేనొద్దన్నానా?"

"ఆయన గీత మీద ఉంటే నేను పరుగెత్తను," అన్నాడు పికిల్స్.

అద్దకపు మిల్లులో పనిచేసే మనిషి. ఎంత కడుక్కున్నా గోళ్ల చుట్టూ నీలం పోదు. ఆ గోళ్లనే చూసుకుంటూ చెప్పాడు. "మేస్త్రీ, మీరు తప్పుగా అనుకోకండి. కిందటేడు చివరి మలుపు దగ్గర మిమ్మల్ని దాటేవాణ్ణే. దాటబోయాను కూడా. జనమంతా ఈనాక్, ఈనాక్ అని అరుస్తున్నారు. మా అమ్మ కూడా అరిచింది. ఇంక కాళ్ల వేగం తగ్గించేశాను. ఏడాదిగా అది నన్ను తినేస్తూనే ఉంది. ఈసారి అలా చేయలేను. క్లెగ్‌ని నేనే అడిగాను, న్యాయంగా చోట్లు ఇమ్మని."

ఈనాక్ నోరు తెరిచాడు. అబద్ధం అనబోయాడు. కానీ ఆ మాట గొంతులోకి రాకముందే కాళ్లకు నిజం తెలిసిపోయింది. చివరి మలుపు. కుడి భుజం వెనక ఆ అడుగుల చప్పుడు పెరిగి పెరిగి, ఉన్నట్టుండి వెనక్కి తగ్గడం. అప్పుడే విన్నాడు దాన్ని. వినీ, వాడి ఊపిరి అయిపోయిందని తనకు తానే చెప్పుకున్నాడు. ఏడాది పొడుగునా అదే చెప్పుకున్నాడు. మనసు ఎంత చురుకైనది, తనకు అక్కర్లేని చప్పుడును ఎంత నేర్పుగా దాచిపెట్టింది! గెలిచినందుకిచ్చిన గోడగడియారం వంటగదిలో ఆడుతూనే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ చివరి మలుపు కథ చెప్పాడు. వాళ్లు తలలూపారు. ఇప్పుడు ఆ తలలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. ఎంత దయగా ఊపారు!

ఎలెన్ ఎక్కడ? తాడు పక్కన, గోధుమరంగు టోపీలో, ఒళ్లో మాంసం కూరిన రొట్టె పొట్లంతో కూర్చుని ఉంది భార్య. తనను చూడటం లేదు. పొట్లం ముడి విప్పి, మళ్లీ కడుతోంది. ఆ కథ మొదలుపెట్టినప్పుడల్లా ఆమె టీ కాచడానికి లేచేది. ఆమెకూ తెలుసు. ఊరందరికీ తెలుసు. గీత ఇన్నాళ్లూ తనకు మర్యాద కాదు, దానం.

అంతకు ముందరిది కూడా అడుక్కి పోయి చూడాలనిపించింది, ఒక్కసారి గోకడం మొదలెట్టాక ఆపలేని పుండులాగా. యుద్ధం నుంచి వచ్చిన తొలి వేసవిలో తను గీత మీదికి తిరిగొచ్చాడు, నిజమే. తనను మించిపోతున్న ఇద్దరు కుర్రాళ్లు ఫ్రాన్సులోనే ఉండిపోయారు కాబట్టి. వాళ్ల పేర్లు చర్చి గోడమీద చెక్కారు. ఆ ఖాళీని తను బలం అనుకున్నాడు.

"ఏమంటావ్, ఈనాక్?" డక్‌వర్త్ అడిగాడు. "బ్యాండువాళ్లకు పాటలయిపోతున్నాయి."

మడమ పట్టేసిందని చెప్పొచ్చు. కుంటుతూ పెవిలియన్‌కు పోతే రెండు నిమిషాల్లో కోటు వేసుకోవచ్చు, ఎవరూ నమ్మకపోయినా ఎవరూ ఏమీ అనరు. మళ్లీ తలలూపుతారు. నిజంగానే కుడికాలు కొద్దిగా కుంటబోయింది, అతని అనుమతి లేకుండానే. అది గమనించి మరీ సిగ్గుపడ్డాడు.

కాలు తిన్నగా వేసి నడిచాడు.

నలభై గజాలు పెద్ద దూరమేం కాదు. కానీ ఆ దారిలో తాడు పక్కన నిలబడ్డ ప్రతి ముఖాన్నీ దాటాలి. ఎక్కడ చూడాలో తెలియలేదు. ఆకాశం వైపు చూస్తే పొగరు, నేలవైపు చూస్తే జాలి. పొగగొట్టాల వైపు చూశాడు. పండగ వారం కదా, మిల్లులన్నీ మూశారు, ఒక్కదాంట్లోనూ పొగ లేదు.

"నడిచే పోతాడేంటే చివరి దాకా!" ఇందాకటి నేతగత్తే. "పోనీలే మేస్త్రీ, తొందరేం లేదు, మాంసం రొట్టె ఇంకా చల్లారలేదు!"

నవ్వారు. ఈసారి ఆ నవ్వులో తనకేదో చోటుందనిపించింది గానీ, అందులోకి ఎలా దూరాలో తెలియలేదు.

మేకు దగ్గర ఇంకొకడు ఉన్నాడు. బట్టతల, పెద్ద చెవులు, వంకర మోకాళ్లు. ఈనాక్‌ను చూసి కాస్త పక్కకు జరిగాడు.

"ఇటు నిలబడు, అటు గడ్డి తడి. ఏంటలా చూస్తావ్, తెలియదా నేను? ఎందుకు తెలుస్తుందిలే. ఇన్నేళ్లుగా నా పక్కనుంచి పోతున్నావు గానీ, ఒక్కసారైనా తల తిప్పావా?"

నిజమే. ఈనాక్‌కు ఈ మెడ తెలుసు. మెడ మీది మచ్చ కూడా తెలుసు. ఎన్ని వేసవులు ఆ మచ్చను గురిపెట్టుకుని పరుగెత్తాడో. ముఖం మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు. నలభై దాటిన ముఖం, తన ముఖంలాగే. ఏటా ఓడిపోతానని తెలిసీ ఏటా బూట్లు కట్టుకుని ఇక్కడికొచ్చి నిలబడ్డ ముఖం. సిగ్గు ఇంకొంచెం లోతుకు దిగింది. కానీ ఇది ఇందాకటిలా చెవుల్ని మండించలేదు.

"అందరూ సిద్ధం!" వెనక నుంచి డక్‌వర్త్ అరిచాడు. బ్యాండు ఆగింది.

ఈనాక్ ఎడమకాలు మేకు పక్కన పెట్టాడు. పెట్టి, పక్కనున్న మనిషి వైపు తల తిప్పాడు.

"మీ పేరేంటండీ?" అని అడిగాడు.