ముప్పై ఒకటో తారీకు

మా బొగ్గు గనిలో చెక్కపలక మీద సుద్దతో రాసిన తారీకుకి ఉన్న విలువ మేనేజర్ సంతకానికి కూడా లేదు. బొగ్గు తవ్వే ప్రతి సొరంగం, అంటే గ్యాలరీ, మొదట్లో ఓ పలక వేలాడుతుంది. సర్దారు లోపలికి వెళ్ళి, పైకప్పుని కర్రతో కొట్టి చూసి, బాగుందనుకుంటేనే దాని మీద ఆ రోజు తారీకు, తన పొడి అక్షరాలు వేస్తాడు. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. డొల్లగా పలికిందంటే ఊడిపడ్డానికి సిద్ధంగా ఉందన్నమాట.

మా తాత గనిలో దిగిన రోజుల్లో పలకా లేదు, సర్దారూ లేడు. బండ పడితే తలరాత అనేవారు. ఒక్క పూటలో పదకొండు మందికి ఒకే తలరాత ఎలా ఉంటుందని వాళ్ళ పెళ్ళాలు ఆఫీసు ముందు కూర్చుని అడిగాక, సర్దారు చూసి తీరాలన్న రూలు వచ్చింది. తర్వాత ఇంకో ఆరుగురు పోయారు. ఆ రోజు సర్దారు చూశాడు, కానీ షిఫ్టంతా తిరిగి అలసిపోయి చూశాడు. దాంతో రెండో రూలు పెట్టారు. డ్యూటీ దిగే సర్దారు ఒకసారి, ఎక్కే సర్దారు మరోసారి, ఎవరికి వారు కొట్టి చూడాలి. సర్దారు పరీక్షలో ఈ రూళ్ళ మీద వచ్చిన ప్రశ్నకి నాకు పదికి పది వచ్చాయి. ఆడదానికి అన్నేసి మార్కులేంటని గొణిగినవాళ్ళు ఇప్పుడు నా షిఫ్టులో నోరు మూసుకుని పనిచేస్తున్నారు.

పని నేర్పింది మా అక్క మొగుడు. పాతికేళ్ళ సర్దారు. ఉదయం షిఫ్టు బావది, మధ్యాహ్నం షిఫ్టు నాది. నాలుగో గ్యాలరీలో పని నా షిఫ్టులోనే జరుగుతుంది. అది ఏటవాలు మీద, అన్నిటికంటే దూరంగా ఉంటుంది.

ఆ రోజు ఒకటో తారీకు. పదహారు మందితో నాలుగో గ్యాలరీ దగ్గరికి చేరాను. వాళ్ళలో ఒకడు నిద్రలో కూడా మాట్లాడతాడని అందరూ రేడియో అంటారు. పలక చూసి వాడు పగలబడి నవ్వాడు.

"సర్దారమ్మా, పోయిన నెలకి ముప్పయ్యే కదా! మీ బావగారు ముప్పై ఒకటి వేశారేంటి? మాకు ఒకరోజు జీతం ఎక్కువిస్తారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. కిందున్న మూడు గ్యాలరీల పలకల మీద ఒకటో తారీకే ఉంది. అక్కడ సరిగ్గా రాసినవాడు ఇక్కడికొచ్చేసరికి తారీకు మరిచిపోతాడా? ఈ పలక ఇక్కడ రాసింది కాదు.

"ఎవరూ కదలొద్దు," అని కర్ర తీసుకుని లోపలికెళ్ళాను. ఇరవై అడుగుల దాకా ఖంగుమంది. ఆ తర్వాత ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు పలికింది. మా వాళ్ళు దూరం నుంచి పొడుగాటి గడ్డపారతో పెళ్ళగిస్తే మంచమంత బండ దబ్బున పడింది. రోజూ రేడియో కూర్చుని నీళ్ళు తాగే చోటు అది. వాడు ఆ రోజుకి మళ్ళీ నోరు విప్పలేదు.

పైకి ఫోన్ చేసి, షిఫ్టు ఆపానని చెప్పాను. మేనేజర్ విసుక్కున్నాడు. "బండ దించేశారుగా. అంకె పొరపాటని రాసెయ్యమ్మా. లేదంటే మీ బావ సర్టిఫికెట్ పోతుంది. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది ఆయనకి."

"ముందు ఆయన్ని కిందికి పంపండి సార్," అన్నాను.

బావ వచ్చాడు. ఆ ఏటవాలు ఎక్కడానికి మూడుసార్లు ఆగాడు. మనుషుల్ని దూరంగా పంపేసి అడిగాను.

"బావా, ఇది పొరపాటా, ముందే రాశావా?"

అవునంటే ఉద్యోగం పోతుందని ఆయనకీ తెలుసు. పడిన బండ అంచుని చేత్తో తడిమాడు.

"ముందే రాశా. వారానికి సరిపడా పలకలు ఇంట్లోనే రాసి, ఇటువైపు నీళ్ళు తోడే పంపు దగ్గరికొచ్చేవాడి చేత తగిలిస్తున్నా. మోకాళ్ళు సహకరించట్లేదమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు వారాలు."

నాకు కోపం నషాళానికంటింది. "రెండు వారాలు! ఎవరూ చూడని కప్పు కిందికి పదహారు మందిని పంపిస్తావా?"

"ఎవరూ చూడకపోవడమేంటి?" అన్నాడు బావ తెల్లబోయి. "నా తర్వాత ఎక్కేది నువ్వు కదా! నువ్వు చూస్తావన్న ధైర్యం. వేరేవాడైతే పాక్కుంటూనైనా వచ్చేవాణ్ణి."

ఆయన అక్షరాలు కనిపించాక మళ్ళీ కొట్టి చూడటం ఆయన్ని అవమానించినట్టేనని, నేను ఈ గ్యాలరీలో కర్ర ఎత్తడం మానేసి రెండు నెలలైంది. పదికి పది తెచ్చుకున్న నేను.

"నువ్వు చూశావనుకుని నేను చూడట్లేదు బావా," అన్నాను.

ఆయన కింద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాడు.

ఆఫీసులో మేనేజర్ రిపోర్టు పుస్తకం నా ముందుకి తోసి, "అంకె పొరపాటు, ఒక్క ముక్క రాయి చాలు," అన్నాడు మళ్ళీ. సాయంత్రం అక్క మొహం ఎలా చూడాలా అన్న ఆలోచన నాకూ వచ్చింది. వచ్చినా కలం ఆపలేదు. నాలుగో గ్యాలరీ పైకప్పుని రెండు వారాలుగా ఏ సర్దారూ పరీక్షించలేదని రాసి, కింద బాధ్యుల పేర్లు రెండు వేశాను. మేనేజర్ తల పట్టుకున్నాడు.

బావ కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "నీ పేరు పైన రాశావేంటి? పెద్దవాణ్ణి, దొంగ తారీకు వేసిందీ నేనే. నాది పైన ఉండాలి."

"ఉండకూడదు బావా," అన్నాను సంతకం పెడుతూ. "నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి."